నిమ్మకొమ్మ మీద ఇద్దరు దర్జీలు

నాకు జరిగిన అన్యాయాలను నేను మరిచిపోను. మా అమ్మాయి దీన్ని జబ్బు అంటుంది. "మా అమ్మను ఎవరు ఎప్పుడు ఏమన్నారో అడగండి, వాళ్ళు ఆ రోజు కట్టుకున్న చీర రంగుతో సహా చెబుతుంది" అని ఇంటికి వచ్చినవాళ్ళ ముందు నవ్వుతుంది. ఆ మాట మొదటిసారి అన్నప్పుడు తను కట్టుకున్నది ఆకుపచ్చ చీర. ఇది జబ్బు కాదు, జ్ఞాపకశక్తి. పదేళ్ళ వయసులో లాల్‌దర్వాజాలో, మా ఇంటి నిమ్మచెట్టు కింద, చెయ్యని తప్పు నా ఒక్కదాని నెత్తిన పడింది. ఆ సంగతిని ఒక్క ముక్క మార్చకుండా ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను. పోయిన నెలలో జుబేదా ఫోను చేసేదాకా దాన్ని మార్చవలసిన అవసరం రాలేదు.

జుబేదా మా పక్కింటి దర్జీ మహబూబ్ చాచా కూతురు. నాకంటే ఏడాది చిన్నది. మా చెల్లెలి దగ్గర నంబరు సంపాదించి, పలకరింపు కూడా లేకుండా, "యశోదా, ఇల్లు ఖాళీ చేస్తున్నం. అబ్బా నీకియ్యమని దాచిన డబ్బా ఒకటున్నది. వచ్చి తీస్కపో" అన్నది. మహబూబ్ చాచా పోయి చాలా ఏళ్ళయింది. "ఇన్నేండ్లు ఎందుకియ్యలే?" అని అడిగాను. "ఇయ్యాలంటే నువ్వు మాట్లాడాలె గద" అన్నది. ఇదీ ఒక అవమానమే, కానీ డబ్బా చూడాలని ఉంది కాబట్టి ఆటో ఎక్కాను.

మా ఇల్లూ దర్జీ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. గోడ నా మెడ దాకా వచ్చేది. ఇప్పుడు ఆ గోడ రెండంతస్తుల ఎత్తు లేచింది, అవతల మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు. అప్పుడు మాత్రం వాళ్ళింటి ఇస్త్రీ బొగ్గుల వాసనా, మిషన్ నూనె వాసనా, మా ఇంటి తాలింపు వాసనా ఆ గోడ మీద కలుసుకునేవి. నిమ్మచెట్టు మా వాకిట్లో గోడకు ఆనుకొని మొలిచి, సగం కొమ్మలు వాళ్ళ వైపు వాల్చింది. మా గల్లీలో దీనికి ఒక కట్టుబాటు ఉండేది. గోడకు ఎవరి వైపు కాసిన కాయ వాళ్ళది. వాళ్ళ వైపు కాయలు వాళ్ళ రంజాను షర్బతుకు, మా వైపు కాయలు మా ఊరగాయకు. ఆకులు మాత్రం రెండు వైపులవీ మా బాపమ్మవే. బాపు అంటే నాయన, బాపమ్మ అంటే ఆయన తల్లి. ఆమె రోజూ పొద్దున్నే వాకిలి చల్లి, ముగ్గు వేసి, చెయ్యి తుడుచుకుంటూ నాలుగు లేత నిమ్మాకులు తెంపుకొచ్చి నలిపి మజ్జిగలో వేసేది. ఆ మజ్జిగ తాగనిదే బాపు కచేరీకి పోయేవాడు కాదు. రాజ్యం మారి కొన్నేళ్ళే అయింది, కచేరీలో ఉర్దూ కాగితాలు పోయి ఇంగ్లీషు కాగితాలు వస్తున్నాయని ఆయన దిగులు. ఆ దిగులుకు మందు నిమ్మాకు మజ్జిగేనని బాపమ్మ నమ్మకం.

అందుకే ఆకులు తినే పురుగులంటే బాపమ్మకు పగ. నాకేమో అవే ప్రాణం. నిమ్మ సీతాకోకచిలుక నల్లగా, లేత పసుపు మచ్చలతో, వెనక రెక్కల కొసన చెరొక ఎర్ర బొట్టుతో ఉంటుంది. లేత ఆకుకు ఒక్కొక్క గుడ్డు అంటించి పోతుంది. అందులోంచి వచ్చే పురుగు మొదట అచ్చం పిట్టరెట్టలా ఉండి, తరువాత ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని వేలితో ముట్టుకుంటే తలలోంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికి తీస్తుంది. అప్పుడొక ఘాటైన వాసన వస్తుంది, కుళ్ళిన నిమ్మకాయదీ కాదు, తాజా కాయదీ కాదు. అది నా వేళ్ళకు అంటుకుంటే బాపమ్మ నన్ను పూజగదిలోకి రానిచ్చేది కాదు. చాలా రోజులు ఏడ్చి, అన్నం మానేసి, చివరికి ఒక కొమ్మ సంపాదించాను. "ఆ అవతలికి వాలిన కొమ్మ నీది. దాని మీద నీ పురుగులు ఏమన్న జేస్కోని. ఇవతలికొస్తే చీపురుతోని దులుపుత" అన్నది బాపమ్మ. చెట్టంతటికీ నాదంటూ ఉన్నది ఆ ఒక్క కొమ్మ.

ఆ చెట్టు మీద మహబూబ్ చాచా తరఫున కూడా ఒక హక్కుదారు ఉండేది. అది ఆకులు కుట్టి గూడు చేసే పిట్ట. బొటనవేలంత ఉంటుంది, నెత్తిన తుప్పు రంగు, పైకి నిలబెట్టిన తోక, ఒంటికి మించిన గొంతు. చాచా దాన్ని దర్జీ పిట్ట అనీ, మా బిరాదరీ, అంటే మావాళ్ళదే అనీ అనేవాడు. ఎండాకాలం చివరన కత్తిరింపుల్లో రాలిన దారం ముక్కలూ, దూది పింజలూ ఏరి గోడ మీద పెట్టేవాడు. పిట్ట వచ్చి నచ్చిన ముక్క పట్టుకుపోయేది. మిషన్ దగ్గర కూర్చొని, పెదాల మధ్య గుండుసూదులు కరిచి పట్టుకొని, ఆ సూదుల సందునుంచే ఆయన నాతో గోడ మీదుగా వాదం పెట్టుకునేవాడు. ఆ వాదం ఎప్పుడూ ఒక్కటే, నీ సీతాకోకచిలుక గొప్పదా, నా పిట్ట గొప్పదా.

"నా పిట్టను జూడు బేటీ. సూది లేదు, కత్తెర లేదు, మిషను లేదు. ముక్కుతోని ఆకుకు పొక్క చేస్తది, దారం గుంజుతది, అవతల ముడి ఏస్తది. నీ పురుగు ఏం చేస్తది? తింటది, పంటది" అనేవాడు.

"నా పురుగు గూడ కుడతది చాచా" అన్నాను ఒకరోజు. దాని రహస్యం నాకు అంతకు ముందు రోజే తెలిసింది. పురుగు గూటిపురుగుగా మారే ముందు తోకను కొమ్మకు అంటించి, నోటిలోంచి తీసిన దారాన్ని నడుము చుట్టూ తిప్పి కొమ్మకు కట్టుకుంటుంది. గాలి వీచినా, వాన పడినా ఆ ఒక్క దారమే దాన్ని పట్టి నిలుపుతుంది. చాచా లేచి వచ్చాడు. నోట్లో సూదులు తీసి అంగీకి గుచ్చుకొని, కళ్ళద్దాలు తుడుచుకొని, కొమ్మను దగ్గరికి వంచుకొని చాలాసేపు చూశాడు.

"హౌ. టాంకా ఉన్నది" అని ఒప్పుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను. మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుంటూ, "గని ఒక్కటే కుట్టు. ఒక్క కుట్టుతోని అంగీ అయితదా?" అన్నాడు.

"నీ పిట్ట దొంగ. దారం నీ దగ్గరకెల్లి ఎత్కపోతది. నా పురుగు దారం గూడ తనే చేస్కుంటది."

"దారం చేసేది మిల్లు. కుట్టేటోడు దర్జీ. నీ పురుగు మిల్లుల పనోడు అనుకో, నాకేం లేదు."

లోపలినుంచి జుబేదా కిసకిస నవ్వింది. అప్పుడు ఆమె వేసుకున్నది పసుపు గౌను. నేను ఊరుకోలేదు. పిట్టకు గూడు కావాలి, గూటికి మూడు ఆకులు కావాలి, ఆకులకు పరాయి దారం కావాలి, ఇన్ని ఉంటే తప్ప పిల్లల్ని పెంచలేదు, నా సీతాకోకచిలుక పిల్లలు పుట్టిన గంట నుంచే తమ బతుకు తాము బతుకుతాయి అన్నాను. "అరే, తల్లి మొఖం సూడని పిల్లలది గూడ ఒక బతుకా?" అన్నాడు చాచా. "నా పిట్ట, దాని మొగుడు, ఇద్దరు గల్సి పొద్దుగాల్లకెల్లి పొద్దుగూకే దాక పిల్లల నోట్లె పెడ్తనే ఉంటరు." "ఏం పెడ్తయి? నా పురుగులే గద" అన్నాను. నిజంగానే ఆ ఏడు నా కొమ్మ మీది పన్నెండు పురుగుల్లో ఏడింటిని పిట్టలు ఎత్తుకుపోయాయి. బాపమ్మకు చెబితే పీడ పోయిందన్నది. బాపు వినను కూడా వినలేదు. విన్నది చాచానే. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తరువాత ఆయన చేసినదాన్ని తగ్గించడానికి మాత్రం కాదు.

అవి బోనాలకు ముందు రోజులు. గల్లీలోని ఆడపిల్లలందరి లంగాలూ చాచా మిషన్ మీదే ఉండేవి, నా ఎర్ర లంగా కూడా. అంత పనిలోనూ ఆయన మలమలు గుడ్డతో దిండు గలీబు లాంటి ఒక సంచి కుట్టాడు. మూతికి నాడా పెట్టాడు. మధ్యాహ్నం నమాజు చేసుకొని వచ్చి, తన వైపున స్టూలు వేసుకొని ఎక్కి, నా కొమ్మ కొసకు ఆ సంచి తొడిగి నాడా బిగించాడు. మిగిలిన అయిదు పురుగులూ లోపల భద్రంగా ఉన్నాయి. "చెట్టంత నా పిట్టకు, ఒక్క కొమ్మ నీకు. ఇగ లొల్లి బంద్" అన్నాడు. పోయినేడు పిట్ట వాళ్ళ జామచెట్టులో గూడు కట్టింది. ఈ ఏడు కూడా అది జామచెట్టు మీదే వాలి ఆగి అరవడం చూసి, గూడు అక్కడే ఉందని ఇద్దరమూ అనుకున్నాము. పిట్ట తెలివి మాకు తెలియలేదు. అది తిన్నగా గూటికి పోదు. ముందు వేరే చెట్టు మీద వాలి, చుట్టూ చూసుకొని, ఆ తరువాతే పోతుంది.

ఆ సాయంత్రమంతా పిట్ట జామచెట్టు మీదినుంచి నిమ్మచెట్టుకు, నిమ్మచెట్టు మీదినుంచి గోడకు తిరుగుతూ ఒకటే అరుపు. చాచా మిషన్ ఆపి నవ్వాడు. "ఇన్నవా? దాని దస్తర్‌ఖాన్ ఎత్తేసినవని తిడుతున్నది నిన్ను. నీతోని కొట్లాడుతున్నది" అన్నాడు. నేనూ నవ్వాను. తిండి పెట్టే చోట పరిచిన గుడ్డ ఎత్తేస్తే ఎవరు తిట్టరు? పిట్ట కోపం తిండి కోసమేనని మా ఇద్దరికీ సందేహం లేదు. మరునాడు కూడా అరిచింది. మరునాడు కూడా నవ్వాము. నేను నవ్విన సంగతి ఇంతకు ముందు చెప్పినప్పుడల్లా వదిలేస్తూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను.

మూడో రోజు పొద్దున ఆకులు తెంపడానికి వచ్చిన బాపమ్మ, పిట్ట మలమలు గుడ్డను ముక్కుతో పొడవడం చూసింది. నాడా విప్పింది. లోపల కొమ్మ చివర మూడు ఆకులు దగ్గరికి కుట్టి ఉన్నాయి. ఆ కుట్ల మధ్య దూది, దూదిలో మూడు పిల్లలు. కళ్ళు కూడా తెరవలేదు. చీమలు అప్పటికే వచ్చాయి. పిట్ట ఇంక అరవలేదు, గోడ మీద కూర్చొని చూస్తోంది.

బాపమ్మ గట్టిగా మాట్లాడే మనిషి. ఆ రోజు గొంతు తగ్గించి, "బోనాల ముంగట, అమ్మవారి గుడి పక్కన, పిల్లల తల్లి ఉసురు పోసుకున్నవు గదనే" అన్నది. ఆ తగ్గిన గొంతుకే నాకు ఎక్కువ భయం వేసింది. నేను కట్టలేదు, చాచా కట్టిండు అన్నాను. "తప్పు జేసి పెద్దమనిషి మీదికి చెప్తున్నవా?" అని బాపు బయటికి వచ్చాడు. బాపమ్మ గోడ దగ్గరికి పోయి పిలిచింది. "మహబూబ్, ఇగో, ఈ గుడ్డ నువ్వు గట్టినవా, పిల్ల గట్టిందా?"

చాచా మిషన్ దగ్గరినుంచి లేచి వచ్చాడు. బాపమ్మ కొమ్మ వంచి చూపిన మూడు ఆకులనూ చూశాడు. ముట్టుకోలేదు. పనిలో ఉండి జవాబివ్వనప్పుడల్లా నోట్లో సూదులున్నాయని సైగ చేయడం ఆయన అలవాటు. ఆ రోజు ఆయన నోట్లో సూదులు లేవు. అది నేను చూశాను. చాలాసేపు నిలబడి, తల దించుకొని, ఒక్క మాట లేకుండా లోపలికి పోయాడు.

బాపు ఆ కొమ్మను మొదలంటా నరికి, సంచితో సహా గల్లీ చెత్తలో పడేశాడు. నా అయిదు పురుగులూ దానితో పోయాయి. నేను మహబూబ్ చాచాతో మాట్లాడడం మానేశాను, ఆయన కూతురు కాబట్టి జుబేదాతోనూ మానేశాను. ఎప్పుడూ జుబేదా చేత పంపే లంగాను ఆ ఏడు చాచా స్వయంగా తెచ్చాడు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. నా ముఖం చూసి జాలి నటించడానికి వచ్చాడనుకున్నాను. కొన్నాళ్ళకు తన వైపు కాసిన నిమ్మకాయలు బుట్టెడు తెచ్చాడు. నేనే తిరిగి తీసుకుపోయి గోడ మీద పెట్టి వచ్చాను. రెండేళ్ళ తరువాత మేము ఇల్లు మారిన రోజున సామాను బండి వెంట గల్లీ చివరిదాకా నడిచి వచ్చాడు. బండి మీద కూర్చున్న నేను ముఖం అటు తిప్పుకున్నాను. నలుగురిలో మంచివాడు అనిపించుకోవాలని నడిచాడు అనుకున్నాను. ఈ మూడూ నేను ఎన్నడూ మరవలేదు.

జుబేదా ఇంట్లో సామాను మూటలు కట్టి ఉంది. వరండాలో ఆ పాత మిషన్ ఒక్కటే మిగిలింది, దాని మీద ఒక గుండీల డబ్బా. "తియ్యి" అన్నది. లోపల మలమలు సంచి మడత పెట్టి ఉంది. నాడా కూడా అలాగే ఉంది. దాని మడతలో ఒక నిమ్మకొమ్మ ముక్క, దాని చివర గోధుమ రంగుకు తిరిగిన మూడు ఆకులు. నేను నోరు తెరిచే లోపలే జుబేదా అందుకున్నది.

"బండెడు మాటలు ఎత్కొని వచ్చినవని తెలుసు. ముందుగాల నేను చెప్పేది ఇను. ఆ రోజు చెత్తలకెల్లి అబ్బా ఈ కొమ్మ, సంచి తెచ్చిండు. దినామూ ముంగట పెట్టుకొని సూసెటోడు. వచ్చిన గిరాకీలకు గూడ చెప్పెటోడు. 'గిన్నేండ్ల సంది కుడుతున్న. కండ్ల ముంగట ఇంకో దర్జీ కుట్టు ఉంటే కనపడలే నాకు. తీస్కపొయ్యి దాని మీదనే నాడా కట్టిన' అని."

"అందరికి చెప్పిండు గని, ఆ రోజు మా బాపమ్మకు చెప్పలే."

"తెల్లారి పొయ్యి చెప్పిండు. మీ బాపమ్మనే వద్దన్నదంట. 'పిల్లకు చెప్పకు మహబూబ్, తప్పు తనది గాదని తెలిస్తే మల్ల పురుగులు పెంచుతది' అన్నదంట. అయినా నీకు చెప్పాల్నని లంగా పట్టుకొని వచ్చిండు. నింబుకాయలు పట్టుకొని వచ్చిండు. బండి ఎనక నడిచిండు. నువ్వు మొఖమన్న సూపించినవా?"

జవాబుగా చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ వెతికాను. ఆ పూట దేనికీ బలం లేదు. అంత కచ్చితంగా దాచుకున్న ఆ మూడు రాకలూ ఆయన తప్పు ఒప్పుకోవడానికి చేసిన మూడు ప్రయత్నాలని తేలింది. నేనే ఒప్పుకోనివ్వలేదు. అంతమాత్రాన గోడ దగ్గర ఆయన నిలబడిన తీరు మారదు. అడిగినప్పుడు, అందరి ముందూ చెప్పవలసిన మాట అది. ఆ ఒక్కటీ ఆయన మీద అలాగే ఉంటుంది. మిగిలిన మూడూ కొట్టేశాను. బాపమ్మ పేరు కొత్తగా చేర్చవలసి వచ్చింది. నిమ్మాకు మజ్జిగ కోసం నన్ను ఇన్నేళ్ళు పాపాత్మురాలిగా ఉంచింది. తరువాత ఆమె నా మీద ఎందుకు అంత మెత్తబడిందో, పాల మీగడ ఎప్పుడూ నా గిన్నెలోకే ఎందుకు వచ్చేదో ఇప్పుడు తెలిసింది.

"నీ పురుగొకటి బతికింది" అన్నది జుబేదా. "ఏందీ?" అన్నాను. "గూడు కుట్టిన ఆకు ఎనకాల ఒకటి అప్పటికే నడుముకు దారం కట్టుకొని ఉండె. చెత్తల పడ్డా ఊడలే. అబ్బా ఆ కొమ్మను కిటికీకి ఏలాడగట్టిండు. ఎనిమిదో తొమ్మిదో రోజు పొద్దుగాల్ల ఇచ్చుకొని రెక్కలతోని బయటికొచ్చింది. రెక్కలు ఆరేదాక మిషన్ తొక్కలే అబ్బా. కిటికీ తీసి ఇడిసిండు. నేను సూసిన, ఎర్ర బొట్లు ఉండె."

ఇప్పుడు మా మూడో అంతస్తు బాల్కనీలో కుండీలో కరివేపాకు ఉంది. నిమ్మ సీతాకోకచిలుకలు దాని మీద కూడా గుడ్లు పెడతాయి. మా అపార్టుమెంటు సంఘం వాళ్ళు మూడు నెలలకోసారి మందు కొట్టిస్తారు, నేను మూడు నెలలకోసారి ఫిర్యాదు రాస్తాను. వాళ్ళకు పురుగూ తెలియదు, పిట్టా తెలియదు, మధ్యలో గోడ మీద కొట్లాడే మనిషీ లేడు. మా కాలంలో ఒక నిమ్మచెట్టుకు నలుగురు హక్కుదారులు, బాపమ్మ, చాచా, పిట్ట, నేను. నలుగురమూ దాని కోసం తగువు పడ్డాము కాబట్టే అది మాకు ఆకు ఆకునా గుర్తుంది.

జుబేదా వరండాలో ఆ కొమ్మను చేతిలోకి తీసుకున్నాను. గూడు ఆకులు తగలగానే పిట్ట వేసిన కుట్లు విడిపోయాయి, ఒక ఆకు పొడిపొడిగా నా ఒళ్ళో రాలింది. దూది మధ్యలో ఒక ఎర్ర దారం కనబడింది. అది నా బోనాల లంగా దారమే, నాకు సందేహం లేదు. మిగిలినవాటిలో ఒక ఆకు వెనక గూటిపురుగు ఖాళీ డొల్ల ఉంది, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాని నడుము చుట్టూ వెంట్రుకలాంటి ఆ దారం అలాగే ఉంది. మెల్లగా వేలితో కదిపాను. ఊడలేదు.

"సూడు జుబేదా" అన్నాను. "పిట్ట కుట్లన్నీ పోయినయి. నా పురుగు కుట్టు ఇంకా పట్టుకొనే ఉన్నది. మీ అబ్బాతోని ఆ రోజు నేను చెప్పింది ఇదే."

జుబేదా కళ్ళద్దాలు తుడుచుకొని, వంగి, చాలాసేపు చూసింది. చూసే తీరు అచ్చం ఆయనదే.

"హౌ" అన్నది. "గని ఒక్కటే కుట్టు. ఒక్క కుట్టుతోని అంగీ అయితదా?"

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఆటో దొరికేదాకా ఇద్దరమూ కొట్లాడుకున్నాము. ఆ రోజు ఆమె కట్టుకున్నది నీలం చీర.